పొగమంచులో మా వదిన సాలు

మా వదిన హనుమాయమ్మ మిట్టమధ్యాహ్నం మిరప కల్లంలో, తాటాకు పందిరి కింద కూర్చుని, పొగమంచులో రాక్షసుల్ని తప్పించుకుంటూ తిరిగేది. బయటివాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం! నేను మాత్రం మొదట్లో నవ్వలేదు, తిట్టాను. ఫోనునీ తిట్టాను, ఆ ఫోను ఇచ్చిన నా కూతుర్నీ తిట్టాను.

ముందు మా ముఠా సంగతి చెప్పాలి. మా ఊరు సత్తెనపల్లికి దగ్గర్లోనే ఉంటుంది. మాది కూలికి పోయే ముఠా కాదు, బదులు ముఠా. ఈవేళ నీ చేలో మేమందరం దిగుతాం, రేపు నా చేలో మీరందరూ దిగాలి. తలా ఒక సాలు పట్టుకుని, చీర కొంగు ఒడిగా కట్టుకుని, పండుకాయ కోసుకుంటూ పోతాం. చేతులు కోస్తుంటాయి, నోళ్ళు ఊరందరినీ కోస్తుంటాయి. అయితే ఒక కట్టుబాటు ఉంది. ముందుగా సాలు ముగించినవాళ్ళు గట్టెక్కి కూర్చోకూడదు. వెనక్కి తిరిగి, వెనకబడ్డ మనిషి సాలుని అటు చివర నుంచి పట్టుకుని కోసుకుంటూ రావాలి. ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలుస్తారు. దాన్నే మేం ఎదురు రావడం అంటాం. అలా చేస్తే అందరూ ఒక్కసారే గట్టెక్కుతారు, ఎవరూ వెనకబడినట్టు ఉండదు.

మా అన్నయ్య పేరయ్యని చేసుకుని ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ వదినే ముందు. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి అన్నీ కళ్ళారా చూశాను. ఆమె చేతులు మొక్కల్లో పడితే ఆకు కదిలేది కాదు, కాయ మాత్రం ఒడిలో ఉండేది. తన సాలు ముగించి, నాకు ఎదురొచ్చి, నాకన్నా వెనకబడ్డదానికీ ఎదురొచ్చి, అప్పుడు గట్టెక్కి మంచినీళ్ళు తాగేది. ఎదురొచ్చేటప్పుడు ఊరికే రాదు, "ఏమే వెంకటేశ్వరమ్మా, కాయలు కోస్తున్నావా, లెక్కబెడుతున్నావా?" అని దెప్పుతూ వస్తుంది. ఆ దెప్పుడు వినపడితే చాలు, నడుం నొప్పి సగం పోయేది. ఆమెకి ఎదురెళ్ళే అవసరం మాత్రం ఎవరికీ, ఎన్నడూ రాలేదు.

పోయిన జనవరిలో వచ్చింది. మా చేలో మొదటి కోత. వదిన మోకాళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి, చెప్పలేదు. మేమందరం సాళ్ళు ముగించి తిరిగి చూస్తే, ఆమె ఇంకా సగంలో ఉంది, మొక్క పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ ఏమీ అనుకోలేదు, కట్టుబాటు ప్రకారం ఆమె సాలులోకి దిగాం. అంతే! "నేనేం చచ్చాననుకున్నారా? నా సాలు మీద చెయ్యేస్తే ఊరుకోను!" అని కేకేసింది. ఒడిలో కాయలన్నీ సాలు మధ్యలోనే దులిపేసి, కుంటుకుంటూ గట్టెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. "బదులు తీర్చలేనిదాన్ని, మీరూ నా చేలోకి రావద్దు," అని కబురు పంపింది. వాళ్ళ చేలో కోతకి ఎక్కడివాళ్ళనో తెచ్చుకున్నారు. ఎన్నేళ్ళ వరస అది! మా అందరి మధ్యా ఆమె సాలు ఖాళీగా ఉంటే, పన్ను ఊడిన చోట నాలుక పోయినట్టు నా చూపు అటే పోయేది. మోకాళ్ళది ఏముంది, డాక్టరు ఉన్నాడు. రోషానికి మందేది? నాకు కావలసింది ఒక్కటే, వదిన మళ్ళీ మా వరసలోకి రావాలి. ఇంటికెళ్ళి బతిమాలాను, తిట్టాను, ఒకరోజు ఏడ్చాను కూడా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం మాట్లాడతాం?

ఇంట్లో ఊరికే కూర్చోలేక కల్లం కాపలాకి వెళ్ళేది. ఎండబోసిన కాయల్ని పొద్దున ఒకసారి తిరగెయ్యడం, మేకల్ని తోలడం, అంతే పని. సత్తెనపల్లిలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి శరణ్య, అత్త అలా ఒంటరిగా కూర్చుంటే చూడలేక, తన పాత ఫోనులో ఒక ఆట పెట్టి ఇచ్చింది. దాని ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు, మేం పొగమంచు ఆట అంటాం. ఎక్కడెక్కడివాళ్ళో ఒకేసారి ఆ లోకంలో తిరుగుతారట, మాట్లాడుకుంటారట.

మొదట్లోనే పేరడిగింది ఆట. మిగతావాళ్ళు మెరుపు, కాలనాగు, నల్లకత్తి లాంటివి పెట్టుకున్నారు. మా వదిన ఏ కాగితం మీద పేరడిగినా ఎలా చెబుతుందో అలాగే చెప్పింది. దాంతో ఆ లోకంలో వెండి జుట్టుతో, నేలని తాకే నీలం అంగీతో, చేతిలో దీపంతో ఒక వీరనారి నడుస్తుంటే, ఆమె నెత్తి మీద 'హనుమాయమ్మ, భర్త పేరు పేరయ్య' అని మెరుస్తూ ఉండేది. శరణ్య పడి పడి నవ్వి, "మారుస్తానత్తా," అంది. "ఎందుకే మార్చడం? తప్పేముంది అందులో?" అంది వదిన. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ఒకరోజు వదినతో పోట్లాడదామనే కల్లానికి వెళ్ళాను. పందిరి కింద ఆమె పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, మాట ఎలా ఎత్తాలా అని ఆలోచిస్తూ ఫోను వంక చూశాను. చూస్తూ ఉండిపోయాను. అక్కడ నీళ్ళు కొండ మీదికి పారుతున్నాయి. చెట్లకి ఆకుల బదులు చిన్న చిన్న గంటలు, గాలి వీస్తే మోగుతున్నాయి. దూరాన ఒక కొండ, దాని నిండా దీపాలు. కొండకీ మనకీ మధ్య ఎంతదూరమో తెలియని పొగమంచు, పాలు పొంగుతున్నట్టు నెమ్మదిగా కదులుతోంది. తలెత్తితే మా కల్లం, బరకాల మీద ఎర్రగా పరిచిన కాయ, దాని మీద వణుకుతున్న ఎండ. తల దించితే ఆ చల్లటి తెలుపు. మిరప ఘాటు ముక్కుకి తగులుతుంటే, ఆ మంచుకే ఘాటు ఉందేమో అనిపించింది. పోట్లాట సంగతి మర్చిపోయి, ఎండ వాలాక ఇంటికొచ్చాను.

ఆ తర్వాత రోజూ వెళ్ళాను, సిగ్గు లేకుండా.

వదిన పెద్ద ఆటగత్తె ఏమీ కాదు. కాయ తిరగెయ్యగా మిగిలిన పొద్దులో ఆడేది, మేక కనబడితే రాక్షసుణ్ణి అక్కడే వదిలేసి కర్ర పట్టుకుని లేచేది. అయినా కొన్ని చిట్కాలు కనిపెట్టింది. ఎండకి ఫోను పెనంలా కాలేది. మా అన్నయ్య దాన్ని ఫ్రిజ్జులో పెట్టబోతే, చేతి మీద ఒక్కటేసి లాక్కుంది. తర్వాత ఆట సెట్టింగుల్లో అదీ ఇదీ నొక్కి చూసి, నీడలు తీసేసే చోటు పట్టుకుంది. నీడలు తీసేశాక ఫోను చల్లబడింది. కానీ అప్పటి నుంచి ఆ లోకంలో చెట్టుకీ నీడ లేదు, మనిషికీ నీడ లేదు, అందరూ నేలకి ఆనకుండా తేలుతున్నట్టే ఉండేవారు. ఆ వేళకి పందిరి దాటితే మా కల్లంలోనూ నీడ ఉండదు. రెండు లోకాలూ ఒకటే అయిపోయినట్టుండి, నాకు కళ్ళు మూతలు పడేవి.

ఆ లోకంలో ఆమెకి ఇద్దరు దగ్గరయ్యారు. ఒంగోలు ఆసుపత్రిలో నర్సు రెబ్కా ఒకతె, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద నవ్వు. రెండోవాడు కార్తిక్, చీరాలలో మరమగ్గాలు నడుపుతాడు, మాట్లాడుతుంటే వెనక మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మొదటిరోజు వాళ్ళు "ఆంటీ" అన్నారు. "ఆంటీ ఏంటి, నోరారా పిన్నీ అనలేరా?" అని కసిరింది. అప్పట్నుంచి పిన్ని అయిపోయింది. వాళ్ళ జట్టులో మరికొందరున్నారు, అందరికీ పిన్నే. వాళ్ళ గ్రూపులో ఆమె చిట్కాలు మాటల్లోనే రికార్డు చేసి పెట్టేది.

"కనపడ్డ కత్తల్లా ఎత్తుకోకండమ్మా. ఒడి నిండితే నడుం వంగదు. ఒక దీపం, ఒక కర్ర, చాలు."

"మంచులో పరుగెత్తకండి. తడి రేగడిలో పరుగెత్తినోడు ఏమవుతాడో చూళ్ళేదా? చెప్పు అక్కడుంటది, వాడు ఇక్కడుంటాడు."

"ఆ కొమ్ముల రాక్షసుడున్నాడే, వాడు అడివిపంది లాంటోడురా కార్తిక్. తిన్నగానే వస్తాడు. ఎదురెళ్ళి యుద్ధం చేయబాక. పక్కకి తొలిగి నించో, వాడి దోవన వాడే పోతాడు."

ఇవన్నీ పనిచేశాయి! కార్తిక్ చావడం తగ్గించాడని రెబ్కా నవ్వుతూ చెప్పేది. వాళ్ళంతా ఆమెని మెచ్చుకుంటుంటే వదిన ముఖం వెలిగేది, నాకు మాత్రం కడుపు మండేది. మా దగ్గర ఉండవలసిన మాటలవి. మా సాళ్ళలో వినపడవలసిన దెప్పుళ్ళవి. ఎక్కడి ఒంగోలు, ఎక్కడి చీరాల!

ఒకరోజు చెప్పిన చిట్కాకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముందు పోయినోళ్ళు ఆగి కూర్చోబాకండి. వెనక్కి తిరిగి, వెనకబడ్డోళ్ళకి ఎదురు రండి. రెండు దీపాలు కలిస్తే మంచు తొలుగుద్ది, నేను చూశా. సాలు చివరికి పోయినోడు గొప్పోడు కాదు, తిరిగొచ్చినోడు గొప్పోడు. వెనకబడ్డోళ్ళు కూడా సిగ్గుపడక్కర్లా. ఇయాళ నువ్వు, రేపు నేను."

చేతిలో తాలుకాయలు నేలకేసి కొట్టాను. "వెనకబడ్డోళ్ళు సిగ్గుపడక్కర్లేదా? ఎవరికి చెబుతున్నావు వదినా? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, జనవరిలో మా మీద అరిచి వెళ్ళిపోయింది ఎవరు?"

వదిన ఫోను మీంచి తలెత్తలేదు. "అది వేరు," అంది.

"ఏం వేరు?"

"అది నా సాలు," అంది. నేలకేసి కొట్టిన కాయలు నేనే మళ్ళీ ఏరుకున్నాను.

ఆ ఆటలో ఏడాదికి ఒకే ఒక్కసారి దీపాల కొండ తలుపు తీస్తారు. మంచులో ఒక్కొక్కరూ ఒక్కో దారి పట్టుకుని నడవాలి. ఆ లోకంలో సూర్యుడు మునిగేలోగా చేరితే, కొండ మీద తమ దీపం తగిలించుకోవచ్చు. ఏడాది పొడవునా అది అక్కడ వెలుగుతుంది. చేరకపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. వదిన దాని మీద ఎంత ఆశ పెట్టుకుందో! "ఒక్క సాలన్నా ఈ ఏడు చివరిదాకా నడుస్తానే," అంది నాతో.

ఆ రోజు ఆదివారం. శరణ్య ఛార్జింగు డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చి, తనూ పక్కన కూర్చుంది. మంచులోకి దిగారు అందరూ. మొదట్లో బాగానే నడిచింది వదిన. కొమ్ముల రాక్షసుడు వస్తే పక్కకి తొలిగింది, వాడు గాలిలా పోయాడు. గంటల చెట్లు మోగుతూ వెనక్కి జరిగిపోయాయి. నేలకి ఆనని పాదాలతో, నీడ లేని ఆ వెండి జుట్టు మనిషి తెల్లటి మంచులో పోతుంటే, మా వదినే అలా పోతోందనిపించింది, మోకాళ్ళ నొప్పులు లేకుండా, చెప్పులు కూడా లేకుండా.

అప్పుడు ఫోను కాలింది. పైన ఎండ మండుతోంది, నీడలు తీసేసినా లాభం లేకపోయింది. బొమ్మ ఆగి ఆగి కదలసాగింది. ఒక అడుగు వేసి, ఊపిరి తీసుకుని, ఇంకో అడుగు. నా కళ్ళముందు జనవరి కదిలింది. తడబడుతూ బురదలో దిగబడింది వదిన, దీపం సన్నబడింది.

"పిన్నీ, మేం తలుపు దగ్గరున్నాం. మీరెక్కడ?" అని కార్తిక్ గొంతు, వెనక మగ్గం.

"వస్తాలేరా. మీరు పొండి."

"దీపం కొడిగట్టింది పిన్నీ, ఇక్కడ నుంచి కనిపిస్తోంది," అంది రెబ్కా. "ఆగండి, వెనక్కొస్తున్నాం."

"వద్దు! నా దారిలోకి రావద్దన్నానా! నా తిప్పలు నేను పడతా, మీరు లోపలికి పొండి!"

అదే కేక. అచ్చం అదే. చూస్తే వదిన బొటనవేలు ఆట మూసేసే గుర్తు మీద ఉంది. నొక్కితే అంతా పోతుంది. ఒడి దులిపేసి గట్టెక్కినట్టే. శరణ్య నా చెయ్యి పట్టుకుంది. నేను ఆగలేకపోయాను. "వదినా! ఇంకెన్నాళ్ళు ఈ రోషం? మేం పరాయివాళ్ళమా? ఎదురొస్తే నీ పరువేం పోయింది?" అని అరిచేశాను, ఫోనులో అందరికీ వినపడేలా.

రెబ్కా, నవ్వకుండా, మెల్లగా అంది. "పిన్నీ, మీరు పెట్టిన చిట్కా ఒకటి వినిపిస్తా, వినండి."

ఫోనులోంచి వదిన గొంతే వచ్చింది, మా కల్లం కాకుల అరుపులతో సహా. సాలు చివరికి పోయినోడు గొప్పోడు కాదు, తిరిగొచ్చినోడు గొప్పోడు. వెనకబడ్డోళ్ళు కూడా సిగ్గుపడక్కర్లా. ఇయాళ నువ్వు, రేపు నేను.

వదిన వింది. తన మాట తనకే ఎవరో కొత్తవాళ్ళు చెబుతున్నట్టు వింది. బొటనవేలు మెల్లగా పక్కకి తీసింది.

మంచులో దూరంగా ఒక వెలుగు పుట్టింది. దాని వెనక ఇంకొకటి. ఆ పక్కన ఇంకా కొన్ని. ఒక్కో దారిలోంచి ఒక్కోటి వెనక్కి తిరిగి, మా వదిన దీపం వైపు వస్తున్నాయి. తొందర లేదు, పరుగు లేదు, ఆమె నేర్పిన నడకే. దగ్గరికొచ్చే కొద్దీ మంచు పల్చబడింది. మొదటి దీపం వదిన దీపాన్ని తాకినప్పుడు, అప్పటిదాకా తెల్లగా ఉన్నదంతా పండిన వరిచేను రంగుకి తిరిగింది. నేను ఏరుతున్న కాయలు ఒళ్ళోంచి జారిపోయాయి, చూసుకోలేదు.

అందరూ కలిసి నడిచారు. వదిన ఫోను ఎంత మెల్లగా కదిలితే వాళ్ళూ అంత మెల్లగా నడిచారు. కొండ కిందికి చేరేసరికి ఆ లోకంలో పొద్దు మునిగింది. తలుపు మూసుకుంది.

ఎవరూ లోపలికి పోలేకపోయారు. తలుపు బయట, రాళ్ళ మీద, అందరూ దీపాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పైన కొండ నిండా ఎవరెవరివో దీపాలు వెలుగుతున్నాయి. నీళ్ళు చప్పుడు చేయకుండా పైకి పారుతున్నాయి.

"నా వల్ల మీ అందరికీ పోయింది," అంది వదిన.

"కొండ ఎక్కడికి పోద్ది పిన్నీ? వచ్చే ఏడు మళ్ళీ తీస్తారు," అన్నాడు కార్తిక్. రెబ్కా అప్పుడు నవ్వింది, ఆ పెద్ద నవ్వు. కల్లంలో వాలిన పిట్టలు లేచిపోయాయి.

ఎండ వాలాక, బరకాలు మడుస్తుంటే, వదిన నా ముఖం చూడకుండా అడిగింది. "మీ చేలో ఆఖరి కోత ఎప్పుడే?"

చెప్పాను. ఇంకొక్క మాట కూడా పెంచలేదు. పెంచితే చెడుతుందని భయం.

కోత రోజు పొద్దున్నే వచ్చింది, చేతికర్రతో. గట్టు పక్కన పొట్టి సాలు ఒకటుంటుంది, అది ఆమెకిద్దామని నేను నోరు తెరిచేలోపే, "నాకు మధ్య సాలే," అని కర్ర గట్టు మీద పడేసి, ఒడి కట్టుకుని దిగింది. సరే, నీ ఇష్టం తల్లీ అనుకున్నాను.

ఆఖరి కోత కాబట్టి కాయ పల్చగా ఉంది, చేతులు వేగంగా సాగాయి. మేం చివరికి చేరి తిరిగి చూస్తే, వదిన సగంలో ఉంది. మొక్క పట్టుకుని నిలబడి ఉంది. అచ్చం జనవరిలాగే. అందరూ నా ముఖం చూశారు. దిగితే ఏమంటుందో, దిగకపోతే ఏమనుకుంటుందో! నా కాళ్ళు గట్టుకి అంటుకుపోయాయి. చేలో ఆకు కదలడం లేదు.

వదిన నడుం ఎత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూసింది.

"ఏమే వెంకటేశ్వరమ్మా, అట్టా నించున్నారేం దిష్టిబొమ్మల్లాగా?" అని కేకేసింది. "నాకు ఎదురు రారేమే?"

పండుకాయ కోసిన చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. నేను తుడుచుకున్నాను. మండిపోతున్న కళ్ళతో, ఏమీ కనపడకుండానే, వదిన సాలులోకి దిగాను.